రాముడు, రాములు, రామవ్వ: కథలో కంఠస్వరం



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆ మాస్టారు మాకు తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పారు. ఒకరోజు నేను రాసుకెళ్ళిన కథ చదువుతూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ‘రిక్షా ఆపి అతడు చెమట తుడుచుకున్నాడు’ అని రాశాను.

“ఈ రిక్షా మనిషి మీ వీధివాడేనా?” అన్నారు.

“అవునండీ.”

“వీధిలో ఏమంటారు?”

“సూరిగాడంటారండీ.”

“మరి నువ్వో?”

“సూరిబాబు మావయ్యా అంటానండీ.”

“అయితే ఈ ‘అతడు’ ఎవడ్రా?”

జవాబు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ మీ ముందు మాట్లాడబోయేది దాని గురించే.

కథలో కంఠస్వరం అనగానే మనం ఉపమానాలు, విశేషణాలు వెతుకుతాం. జాలిగా రాశాడా, వెటకారంగా రాశాడా అని చూస్తాం. తెలుగులో అంతదూరం వెళ్ళక్కర్లేదు. వాడు, అతను, అతడు, ఆయన, వారు. వీటిలో ఒకటి ఎంచుకోకుండా మన కథకుడు ఒక మగమనిషిని ఎంతోసేపు నడిపించలేడు. ఎంచుకున్నాడంటే తానెక్కడ నిలబడి చూస్తున్నాడో చెప్పేసినట్టే. ‘ఆయన వచ్చాడు’ అంటే మా ఇంటి మనిషి. ‘ఆయన వచ్చారు’ అంటే కుర్చీ వేయాలి. ఆడమనిషి దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ‘వచ్చింది’ అన్న క్రియ అమ్మకీ ఆవుకీ బస్సుకీ ఒక్కటే. గౌరవం కావాలంటే బహువచనాన్ని అరువు తెచ్చుకోవాలి. పనిమనిషిని ‘అది’ అని, యజమానురాలిని ‘ఆవిడ’ అని రాసిన కథకుడు ఆ తర్వాత పేదల పక్షాన ఎన్ని పేజీలు రాసినా, ఆ మొదటి మాట చెవిలో గుచ్చుకుంటూనే ఉంటుంది.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1964లో ‘యువ’ దీపావళి సంచికలో వచ్చింది. సుందరపాలెంలో ఒక పాత అప్పు తగవు. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు. అప్పు తీర్చాల్సినవాడు అప్పల్రాముడు. అతని కొడుకు సీతారాముడు. ఈ మూడు పేర్లూ ఒకసారి పైకి చదవండి. మూడింటిలోనూ ఉన్నది ఒక్క రాముడే. కానీ ఒకరి పేరులో ఆ రాముడు ‘లు’ తగిలించుకుని బహువచనమయ్యాడు, ముందు శ్రీ, వెనక నాయుడు. మిగతా ఇద్దరి దగ్గర ‘డు’తోనే ఆగిపోయాడు. రామారావు గారు ఇది లెక్కవేసి పెట్టారని నేననను. మన ఊళ్ళలో పేర్లు అలాగే ఉంటాయి. ఊరు ఎలా ఉందో అలా వినగలిగిన చెవి ఆయనది.

ఆ కథలో చాలా భాగం పంచాయతీ మాటలే. నాయుడు పళ్ళు కొరికే రకం మనిషి కాడు. నింపాదిగా, ధర్మం తెలిసిన పెద్దమనిషిలా మాట్లాడతాడు. కథకుడు కూడా ఎక్కడా గొంతు పెంచడు. చదువుతున్న మనమూ తల ఊపుతాం, తీర్పు సబబుగానే ఉందనిపిస్తుంది. చివరికి సీతారాముడు, తన కొడుకు ఆ అప్పుకింద ఇంకొకరి గడపలో బానిస కాకూడదని, ఆ పసివాణ్ణి చంపేస్తాడు. అప్పుడు వెనక్కి వెళ్ళి ఆ మర్యాదైన మాటలన్నీ మళ్ళీ చదవండి. ఒక్క అక్షరం మారదు, మనకే వినబడే తీరు మారిపోతుంది. ఇంత నిబ్బరంగా భయపెట్టిన కథ తెలుగులో మరొకటి నేను చదవలేదు.

1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’లో కూడా ఒక రాముడున్నాడు. గోపాలరావు ఇంటి నౌకరు. పేరు చివర ‘రావు’ ఉన్నాయన యజమాని, ‘డు’ ఉన్నవాడు పనివాడు. గురజాడ గొంతు వేరు. మంచం కింద దాక్కున్న కమలిని నవ్వులో ఉంది ఆ కథ స్వరమంతా. చాసో ‘ఎంపు’లో ముష్టి తండ్రి కూతురి పెళ్ళి గురించి ఆలోచిస్తూ గుడ్డివాడికి రాబడి ఎక్కువని లెక్క చెబుతాడు. జాలి పుట్టించే మాట కోసం చాసో చెయ్యి చాచడు.

తెలంగాణకు వస్తే పి.వి. నరసింహారావు రాసిన ‘గొల్ల రామవ్వ’ ఉంది. నిజాం కాలంలో పోలీసుల నుంచి ఒక పోరాటయోధుణ్ణి తన గుడిసెలో దాచిన ముసలమ్మ కథ. ఇక్కడ రాముడికి ‘డు’ లేదు, ‘లు’ లేదు, ‘అవ్వ’ చేరింది. ఆ పేరు పలికితే చాలు, ఆమె మనకు పెద్దదిక్కయిపోతుంది. కథకుడు విడిగా గౌరవం ఒలకబోయనక్కర్లేదు. ఇంటి వరసే ఆ పని చేసిపెట్టింది.

ఒక్క మాట మిగిలింది. చాలాకాలం మన కథల్లో పాత్రలు వాళ్ళ యాసలో మాట్లాడితే, కథకుడు చదువుకున్నవాడి భాషలో పక్కన నిలబడేవాడు. ఆ ఎడమే ఒక స్వరం. నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’లో చిత్తూరు జిల్లా పల్లె మాటలోనే కథంతా చెప్పి ఆ ఎడాన్ని పూడ్చేశారు. అక్కడ చెప్పేవాడూ ఆ అరుగు మీదే కూర్చున్నాడు. యాస రాయడం నేర్చుకోవచ్చు. అరుగు మీద చోటు సంపాదించుకోవడమే కష్టం.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ‘అతడు’ కొట్టేశాను. ‘సూరిబాబు మావయ్య రిక్షా ఆపి చెమట తుడుచుకున్నాడు’ అని రాశాను. అలా రాశాక, రెండో వాక్యంలో మా అమ్మ చేత ఆయనకు మంచినీళ్ళు ఇప్పించకుండా ఉండలేకపోయాను.