కొన్నదా, కౌలుకు తెచ్చుకున్నదా?



నా చేతిలో ఉన్నది పాత టీవీ గేమ్ క్యాసెట్టు. పసుపు ప్లాస్టిక్కు డబ్బా, అడుగున అరవై లోహపు పళ్లు. తొంభైల్లో మా వీధి మొత్తానికి ఇలాంటివి మూడే ఉండేవి. ‘కాంట్రా’ ఒకరింట్లో, ‘మారియో’ ఇంకొకరింట్లో. వేసవి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగేవి. బొమ్మ రాకపోతే పళ్లలోకి ఊదేవాళ్లం. నిజానికి నోటి తేమకు పళ్లు చిలుము పడతాయి; బయటికి లాగి మళ్లీ సరిగ్గా దూర్చినందుకే బొమ్మ వచ్చేది. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కు నకళ్లు మేం ఆడిన మిషన్లు.

నేను చెప్పేది అలాంటి ఆట మిషన్ల గురించి, అంటే కన్సోళ్ల గురించి.

కన్సోల్ అంతరించిపోతుందా అని చాలామంది అడుగుతారు. పెట్టె ఇప్పట్లో పోదు. పోతున్నది అందులో పెట్టే వస్తువు. 2020లో ప్లేస్టేషన్ 5 రెండు రకాలుగా వచ్చింది, ఒకదానికి డిస్కు పెట్టే చోటే లేదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కార్డుల్లో కొన్నిటిలో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటను నెట్‌లోంచి దించుకోవాలి.

ఇక క్లౌడ్ గేమింగ్‌లో ఆట ఎక్కడో డేటా సెంటర్లో నడుస్తుంది, మన ఫోనుకు బొమ్మ మాత్రం వస్తుంది. సెకనుకు అరవై బొమ్మలంటే ఒక్కోదానికి సుమారు పదిహేడు మిల్లీసెకన్లే. మీట నొక్కిన కబురు అంతదూరం పోయి రావడం ఆలస్యమైతే, బంతి వికెట్లకు తగిలాక బ్యాటు లేస్తుంది. గూగుల్ 2019లో స్టేడియా పేరుతో ఇలాంటి సేవ మొదలుపెట్టి 2023 జనవరిలో మూసేసింది. కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చింది, అది న్యాయమే. క్లౌడ్ ఆటలే కాదు, డిస్కు మీద కొన్నవీ ఇలా పోతాయి: ‘ది క్రూ’ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడినా సర్వర్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్కు అలమారలో భద్రంగా ఉంది, ఆట లేదు.

కొన్నదానికీ కౌలుకు తెచ్చుకున్నదానికీ తేడా మీ పావగడ తాలూకాలో విడమర్చి చెప్పక్కర్లేదు. తిరుమణి చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది, 2,050 మెగావాట్లు. ఆ భూమిలో ఎక్కువ భాగం రైతులు అమ్మలేదు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లెక్కన కౌలుకిచ్చారు. భూమి మీ పేరు మీదే ఉంది. క్రయానికీ కౌలుకూ తేడా మీకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆట అమ్మేటప్పుడు తెర మీద ‘కొనండి’ అని ఉంటుంది, కింద నిబంధనల్లో ఉన్నది కౌలు. అదీ గడువు రాయని కౌలు. కాలిఫోర్నియా 2025 నుంచి ఈ సంగతి అమ్మేముందే స్పష్టంగా చెప్పాలని చట్టం పెట్టింది. ఆటల్ని చంపొద్దని యూరప్‌లో పది లక్షలకు పైగా జనం సంతకాలు చేశారు. మన దగ్గరా ఇలా అడగడం మొదలవ్వాలని నా గట్టి కోరిక.

మీ ఇళ్లలో, అటకల మీద పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. రేపు పొద్దున కూడా నేను ఇక్కడే ఉంటాను. దూది, స్పిరిట్ తెచ్చాను. పట్టుకొస్తే పళ్లు తుడిచి, ఈ టీవీలో పెట్టి చూద్దాం.