ఎర్రబోడు వాళ్లు ఎక్కడికి పోవాలి? (బాలగోపాల్ స్మారకోపన్యాసం, చండ్రుగొండ)



బాలగోపాల్ పేరిట మాట్లాడమని పిలిచినందుకు సంతోషం. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే రోజుల్లో నేను అదే ఊళ్లో లెక్కల పుస్తకం కనపడితే పక్కవీధిలోంచి పోయేవాణ్ణి. అందుకని ఆయనంటే మొదట్నుంచీ జంకే. వ్యాసాలు చదివాక ఆ జంకు ఇంకా పెరిగింది. ఆయన రాసిన వాక్యంలో దాక్కోవడానికి చోటుండదు. పౌరహక్కుల సంఘం, 1998లో మానవ హక్కుల వేదిక, ఆదివాసీల తరఫున కోర్టు వాదనలు, 2009 అక్టోబరు 8న మరణం, ఇవన్నీ మీ కరపత్రంలో ఉన్నాయి. మళ్లీ చదవను.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల కోసం మీరు వారం నుంచి దుప్పట్లు, పలకలు, గిన్నెలు పోగుచేస్తున్నారు. మంచిదే. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు ఊళ్లు తగలబడటం, జనం అడవి దారిన ఇటు రావడం మీకు తెలుసు. 2007 డిసెంబరులో శాంతా సిన్హా నాయకత్వంలో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఖమ్మం జిల్లాకొచ్చి చూసింది. 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు గిరిజన యువకుల చేతికి తుపాకులివ్వడం ఆపమంది. ఇదంతా పాత కథే.

నా తగువు వేరే చోట ఉంది. ఈ మండలంలోనే, బెండాలపాడు అడవిలో, 2022 నవంబరు 22న అటవీ రేంజి అధికారి శ్రీనివాసరావును చంపారు. డ్యూటీలో ఉన్న మనిషి. ఆ కేసులో కోర్టు ఇద్దరు గుత్తికోయలకు యావజ్జీవం వేసింది. హింస ఏ వైపు నుంచి వచ్చినా నిలదీయాలన్న పట్టుదలతోనే బాలగోపాల్ పాత సంఘం వదిలి బయటికొచ్చారు. ఆయన పేరిట సభ పెట్టుకుని ఆ హత్య దగ్గర గొంతు తగ్గించడం కుదరదు. అయితే హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు పంచాయతీ తీర్మానం చేసింది, ఎర్రబోడు ఆవాసంలోని గుత్తికోయలంతా ఛత్తీస్‌గఢ్ వెళ్లిపోవాలని. అంతా అంటే చంటిపిల్లలు కూడా.

దీన్ని సమర్థిస్తూ నాతో ఏళ్ల తరబడి వాదిస్తున్నవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్ల చేతిలో ఎప్పుడూ ఒకే తీర్పు ఉంటుంది: మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990, రాజ్యాంగ ధర్మాసనం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లిన కుర్రాడు అక్కడి సేఠ్ జీ.ఎస్. మెడికల్ కాలేజీలో గిరిజన సీటు అడిగితే కోర్టు కుదరదంది. 342వ అధికరణం కింద ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే. కాబట్టి ఛత్తీస్‌గఢ్ ఆదివాసికి ఇక్కడ ఏమీ లేదంటారు.

ఆ తీర్పును చివరిదాకా చదివినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. సీటు లేదన్న కోర్టే తర్వాత ఇంకో మాట అంది. ఇష్టంతో కాక పరిస్థితులు తరిమితే రాష్ట్రం దాటినవాళ్ల విషయంలో, స్థానిక గిరిజనుల హక్కులకు నష్టం రాకుండా, చదువు వంటి వాటిలో కొంత వెసులుబాటు ఆలోచించదగ్గదేనంది. అందుకు తగిన చట్టాల సంగతి చట్టసభలు చూడాలంది. ఉద్యోగం కోసం పోయినవాళ్ల గురించే అంత చెప్పిన కోర్టు, ఇల్లు కాలి వచ్చినవాళ్ల గురించి తక్కువ చెబుతుందా?

అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షను ప్రకారం పట్టా కావాలంటే ఆ ప్రాంతంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉండాలి. మన జాబితాలో గుత్తకోయ ఉంది కదా అంటే, ఆ గుత్తకోయలు వేరు, ఈ మురియాలు వేరు అంటారు. ఆ పంచాయితీలోకి నేను పోను. పట్టా రాదనే అనుకుందాం. పట్టా రాకపోవడానికీ ఊళ్లోంచి గెంటెయ్యడానికీ మధ్య చాలా దూరం ఉంది.

అప్పుడు రాజ్యాంగంలోని 19(5) చూపిస్తారు, షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం నివాస స్వేచ్ఛను పరిమితం చేయవచ్చని. చేయవచ్చు, చట్టం చేసి. పంచాయతీ తీర్మానం చట్టమెప్పుడైంది? అరుణాచల్‌లో చక్మాలను వెళ్లిపొమ్మని నోటీసులిచ్చింది, మీరు గమనించాలి, విద్యార్థి సంఘం. పౌరసత్వం లేనివాళ్లయినా సరే ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇవ్వాల్సిందేనని 1996లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్రాన్ని ఆదేశించింది. గుత్తికోయలు ఈ దేశ పౌరులు. మిరపకోతలకు బండ్లు పంపి పిలిపించుకునేటప్పుడు ఏ రాష్ట్రమని ఎవరైనా అడిగారా?

ఇక్కడి కోయల భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. 1976 చట్టంతో ఇక్కడి లంబాడాలు జాబితాలో చేరినప్పటి నుంచీ ఉన్న భయమది. ఉన్న కాస్త పోడు ఎంతమందికని పంచాలి? దానికి దారి మిజోరం నుంచి పారిపోయిన బ్రూల విషయంలో దొరికింది. 2020 జనవరి ఒప్పందంతో త్రిపురలోనే స్థలం, ఇంటికి సాయం, కుటుంబానికి నాలుగు లక్షల డిపాజిట్ ఇచ్చి నిలబెట్టారు. ఖర్చు కేంద్రానిది. మన దగ్గర అలాంటి ఒప్పందం కుదరలేదు.

నేనిప్పుడు చేస్తున్న పని అందుకే. అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఎం) అని ఒక నిబంధన ఉంది. 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా అడవి భూమి నుంచి వెళ్లగొట్టబడినవాళ్లకు ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం అడిగే హక్కు అది. ఆ తేదీకి ముందు వచ్చినవాళ్లెవరు, తర్వాత వచ్చినవాళ్లెవరు? వాళ్లకు తేదీలు గుర్తుండవు. వరికోతకు ముందా, తర్వాతా అంటే మాత్రం టక్కున చెబుతారు. ఆ ఒక్క జవాబు మీదే దరఖాస్తు నిలుస్తుంది. ఒక పెద్దాయన కవరులోంచి రేషన్‌కార్డు తీసి చూపించాడు. అంచులు చెదలు తినేశాయి, పేరు చెరిగిపోయింది, ఊరి పేరు ఇంకా చదవొస్తోంది. అలాంటి ప్రతి కాగితాన్నీ, ప్రతి ఇంటి కథనూ, పక్కింటివాళ్ల సాక్ష్యాన్నీ ఒక రిజిస్టరులో ఎక్కిస్తున్నాను. తర్వాత వచ్చినవాళ్లకు విడిగా ఇంకో రిజిస్టరు. బ్రూల తరహా ఒప్పందం అడగాలంటే అది కావాలి.

కోయ భాష వచ్చిన విద్యార్థులు నాకు అవసరం. దుప్పట్లు పంచడానికి వెళ్లేటప్పుడు బండికొకరు ఫారాలు పట్టుకెళ్లండి. పెన్సిలుతో రాయండి, రెండోసారి అడిగితే ఊళ్ల పేర్లు సవరించాల్సి వస్తుంది. ఫొటోలు తీయకండి, వేలిముద్రలు అసలే అడగకండి.