ఆకాశవాణికి మన పన్ను



పట్టాలందుకున్న మీ జీతాల్లోంచి ఇక పన్ను కోత పడుతుంది. అందులో ఆకాశవాణికీ దూరదర్శన్‌కూ ఇప్పటికన్నా ఎక్కువ ఇవ్వాలా? ఇవ్వాలనే అంటాను. ఒక షరతు మీద.

ప్రకటనలు రాని చోటికి ప్రైవేటు చానెల్ వెళ్లదు. ఆదిలాబాద్ కేంద్రం గోండిలో మాట్లాడుతుంది. ఆ భాషలో సబ్బులమ్మే కంపెనీ ఏదీ లేదు. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లే విన్నాయి. టీఆర్పీ లెక్క చూసుకుని ఎవరూ అలాంటి పని తలపెట్టరు.

ఇక షరతు: డబ్బిచ్చే ప్రభుత్వానికి ప్రసారాలపై అదుపు ఉండకూడదు. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పులో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి విడిగా రాశారు. గాలితరంగాలు ప్రజల ఆస్తి, వాటిపై అదుపు ప్రజలదే కావాలి, ప్రభుత్వానిది కాదన్నారు. వ్యాపారుల చేతిలో పెట్టడాన్నీ ఒప్పుకోలేదు. న్యాయశాస్త్రం చదివినవారు ఆ తీర్పును మళ్లీ తెరవండి. ఆకాశవాణి, దూరదర్శన్‌లను ప్రసార భారతి అనే స్వతంత్ర సంస్థకు అప్పగించేందుకు 1990లో పార్లమెంటు చేసిన చట్టం అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. నేటికీ సిబ్బంది జీతాలకు కేంద్రం గ్రాంటే దిక్కు. ఏటా చెయ్యి చాచేవాడు ఇచ్చేవాడిని నిలదీయగలడా?

అందుకే అయిదేళ్ల నిధిని పార్లమెంటు ఒకేసారి చట్టంతో ఖాయం చెయ్యాలి. కాగ్ ప్రతి రూపాయినీ తనిఖీ చెయ్యాలి. వార్తల గదికి మంత్రిగారి ఫోను మాత్రం రాకూడదు. ఆ నిధి యంత్రాలకే కాక మనుషులకూ చేరాలి. 2023 జనవరిలో ప్రసార సదుపాయాల కోసం 2,539 కోట్ల పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోలు కావలసినవే. కానీ మైకు ముందు రోజుకూలీ లెక్కన పిలిచే క్యాజువల్ అనౌన్సరే ఉంటే ఆ యంత్రాలతో ఏం చేస్తాం?

బడికీ ఆసుపత్రికీ చాలని డబ్బు రేడియోకెందుకని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆసుపత్రిలో డాక్టరు లేడన్న సంగతి జిల్లా అంతా వినేలా, యజమానికీ మంత్రికీ జంకకుండా చెప్పే గొంతు ఒకటి ఉండాలి. దానికి జీతం మనమే ఇవ్వాలి.

వచ్చే బడ్జెట్ సమావేశాలప్పుడు మీ ఎంపీకి ఉత్తరం రాయండి. ప్రసార భారతికి ఎంత ఇచ్చారు, అందులో ఆదిలాబాద్, కడప, విజయవాడ కేంద్రాల్లో కార్యక్రమాల తయారీకి ఎంత చేరిందని అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.