చెక్కినచోటే ఉండిపోయిన విగ్రహాలు

శిల్పాన్ని ముందు నుంచి చూసి వదిలెయ్యకండి, వెనక్కి వెళ్లి ఉలిదెబ్బలు కూడా చూడండి అని ఒక మాస్టారు పిల్లల్ని విసిగించేవారట. ఇది ఆయన పేర జరిగే ఉపన్యాసం కాబట్టి, ఒంటినిండా ఉలిదెబ్బలే తప్ప నునుపన్నది ఎరగని శిల్పాల గురించి మాట్లాడతాను. అవి ఏ మ్యూజియంలోనూ లేవు. ఒక గ్రీకు దీవిలో, కాలిబాట పక్కన ఉన్నాయి.

ఏజియన్ సముద్రంలోని సిక్లడీస్ దీవుల్లో నాక్సోస్ అన్నిటికన్నా పెద్దది. దాని మెలానెస్ లోయలో మిలి, ఫ్లెరియో, పొతామియాలను కలుపుతూ పాత బాటలున్నాయి. కంచరగాడిదలు, మనుషులు నడవడానికి రాళ్లు పరిచిన ఇలాంటి బాటను అక్కడ కాల్దెరిమి అంటారు. ఫ్లెరియో దగ్గర ఒక తోటలో సుమారు ఐదున్నర మీటర్ల పాలరాతి యువకుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. ఒక కాలు విరిగింది. ముఖం ఆనవాలుగా ఉందంతే. కొండవాలు ఎక్కితే ఇంకొకడు. ఇద్దరూ క్రీ.పూ. 570 ప్రాంతం వాళ్లు. ఎడమకాలు ఒక అడుగు ముందుకేసి నిటారుగా నిలబడే ఇలాంటి విగ్రహాన్ని కూరోస్ అంటారు. వీళ్లిద్దరికీ ఆ నిలబడే యోగం పట్టలేదు.

నడిచేవాళ్లు చూసి ఆనందించాలని ఎవరూ వీటిని ఇక్కడ పెట్టలేదు. ఇది రాతిక్వారీ. బండ చుట్టూ ఇనుప పనిముట్లతో కాలువలా తొలిచి, దాన్ని కొండ నుంచి విడదీసి, అక్కడికక్కడే మనిషి ఆకారానికి తెచ్చేవారు. కారణం బరువు. పనికిరాని రాయిని సముద్రం దాకా లాగడమెందుకు? అలాగని పూర్తిగా చెక్కేస్తే దారిలో ముక్కూ చెవీ ఊడతాయి. అందుకని ఒళ్లంతా కొంత అదనపు రాయి వదిలేసేవారు. మిగతా పని విగ్రహం చేరాల్సిన చోట. నునుపు చెయ్యడానికి కావలసిన ఎమిరీ కూడా ఈ దీవి కొండల్లోనే దొరికేది. మనం బజార్లో కొనే ఎమిరీ కాగితానికి ఆ పేరు తెచ్చిన రాయి అదే.

మన శిల్పులు బండను సుత్తితో తట్టి, మోగే తీరునుబట్టి మంచిచెడ్డలు చెబుతారు. నాక్సోస్ పనివాళ్లు ఎంత పరీక్షించినా లోపలి పగులు కొన్నిసార్లు నెలల పని అయ్యాకే బయటపడేది. బయటపడకపోతే దించేటప్పుడు ఆ బండే చెప్పేది. ఫ్లెరియో కూరోస్ కాలు దించేటప్పుడే విరిగిందని చాలామంది అభిప్రాయం. విరిగాక దాన్ని మోసుకెళ్లి ఎవరికిస్తారు?

ఆ క్వారీ పక్కనే తవ్వకాల్లో ఒక గుడి బయటపడింది. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటికే అక్కడ పూజలున్నాయి. సగం చెక్కిన పాలరాతి ముక్కలు మొక్కుబడులుగా దొరికాయి. ఈ ప్రాంతంలోనే ఓటోస్, ఎఫియాల్టెస్ అనే సోదరుల పేర చెక్కిన హద్దురాయి కూడా ఉంది. కొండ మీద కొండ పేర్చి దేవతల మీదికి దండెత్తబోయిన మహాకాయులు వీళ్లు. బండలు లాగేవాళ్లకు ఇంతకన్నా తగిన వేలుపులు దొరకరు.

క్వారీ దాటి ఒడ్డు చేరిన రాళ్ల కథ వేరు. ఎక్కువగా డెలోస్ దీవికి వెళ్లాయి, అపొల్లో దేవుడి సన్నిధికి. క్రీ.పూ. 650 ప్రాంతంలో నికాండ్రె అనే నాక్సోస్ స్త్రీ అక్కడ ఆర్టెమిస్ దేవతకు సమర్పించిన నిలువెత్తు విగ్రహం ఇప్పుడు ఏథెన్స్‌లో ఉంది. గ్రీకు పాలరాతి శిల్పచరిత్రలో దాదాపు మొదటి పేజీ అది. ఆ శతాబ్దంలోనే యూథికార్టిడెస్ అనే నాక్సోస్ శిల్పి తన విగ్రహపీఠం మీద, చేసిందీ సమర్పించిందీ తానేనని చెక్కుకున్నాడు. చేతిపనివాడు తన పేరు తానే రాసుకోవడం ఆ రోజుల్లో చిన్న ధైర్యం కాదు. తర్వాత సుమారు తొమ్మిది మీటర్ల అపొల్లోను నిలబెట్టారు. పక్కనున్న కంచు ఈతచెట్టు కూలి దాన్ని పడగొట్టిందని ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాశాడు. ఇవాళ మొండెం డెలోస్ నేల మీద, ఒక పాదం లండన్‌లో!

అంతకన్నా పెద్దది దీవి దాటనే లేదు. ఉత్తరాన అపొల్లోనస్ ఊరి పైన, పాత క్వారీలో, 10 మీటర్ల పైచిలుకు విగ్రహం కొండను అంటిపెట్టుకునే ఉంది. బరువు 80 టన్నుల దాకా ఉంటుందని అంచనా. దగ్గరికెళితే చేతులున్న చోట చదరపు దిమ్మెలే కనిపిస్తాయి. చుబుకం కింద ముందుకు పొడుచుకొచ్చిన రాతిముద్ద ఉంది. అది గడ్డమే అయితే ఇతను అపొల్లో కాడు, ద్రాక్షసారా దేవుడు డయోనిసస్. క్వారీ బండ మీద మాత్రం ఇది అపొల్లో భూమి అని పాత రాత ఉంది, ఊరి పేరూ అదే. నేను గడ్డం పక్షం. మ్యూజియంలోని నున్నటి కూరోస్ వంద చెప్పినా, పలకరాయిలాంటి బండలోంచి మనిషిని నాలుగు వైపుల నుంచి ఎలా బయటికి తెస్తారో చెప్పదు. ఇతను చెబుతాడు.

క్రీ.పూ. 6వ శతాబ్దం నడిమికి నాక్సోస్ ముతక పాలరాయి వెనకబడింది. వెలుతురు లోపలికి పోయే పారోస్ సన్నపు రాయి కావాలన్నారు కొనేవాళ్లు. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్డమిస్ అనే నియంత రేవు పక్కన పెద్ద గుడి మొదలుపెట్టి, పూర్తికాకముందే పదవి పోగొట్టుకున్నాడు. క్రీ.పూ. 490లో పర్షియన్లు ఊరు తగలబెట్టారు. వెనిస్‌వాళ్లు క్రీ.శ. 13వ శతాబ్దంలో వచ్చి కోట కట్టుకున్నప్పుడు ఆ గుడి రాళ్లు చాలావరకు పట్టుకుపోయారు. పోర్తారా అనే ద్వారబంధం మాత్రం ఇప్పటికీ రేవులో నిలబడి ఉంది. దాని దూలాలు ఒక్కొక్కటి ఇరవై టన్నులు. అంత బరువు దించే ఓపిక వాళ్లకూ లేకపోయింది.