పసిపిల్లలకు క్రిస్మస్ బొమ్మ

ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకు క్రిస్మస్ బొమ్మ కొంటున్నారా? అందం సంగతి తర్వాత, ముందు సైజు చూడండి. ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే పోతుంది. ఊడొచ్చే చక్రాలు, పూసలు గొంతుకు అడ్డం పడతాయి. అన్నిటికన్నా ప్రమాదం, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల పుండు చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ అసలు కొనొద్దు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న సంప్రదాయ బొమ్మలకు మినహాయింపు ఉంది. అలాంటివే ఏటికొప్పాక లక్కబొమ్మలు: అంకుడు కర్ర, నున్నటి అంచులు, చెట్ల నుంచి తీసిన రంగులు. చిన్న ముక్కలు లేనివి ఏరుకోండి. కొండపల్లి బొమ్మలంటారా, అవి అలమరలోనే అందం.

పది బొమ్మలెందుకు, ఒకటి చాలు. ఎలాగూ పిల్లలు పెట్టెతోనే ఎక్కువ ఆడతారు! పెట్టె ఇవ్వండి గానీ, ప్లాస్టిక్ కవరు, రిబ్బను మాత్రం విప్పిన వెంటనే తీసేయండి.