దక్షిణ ధ్రువపు మంచునది – మన కృష్ణా డెల్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు దీపమారకుండ నడచుట సామాన్య విషయము కాదు. 1914వ సంవత్సరములో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము బెజవాడలోనే పుట్టినది. 1935లో ఈ డెల్టా కాలువలలోనే పుస్తకముల పడవ నడచి రేవురేవున పాఠకులను పలుకరించినది. అట్టి వారసత్వము గల వేదికపై భూగోళ విషయ మొకటి చెప్పుమని కోరిన కార్యవర్గమునకు కృతజ్ఞుడను.

నేనెన్నుకొన్న విషయము విని కొందరు నవ్వుకొనవచ్చును. రోహిణీ కార్తెలో రోళ్లు పగులు సీమ మనది. మనకు మంచునది ప్రసంగ మెందులకు? దాని స్వరూపమును, పరిసరములను వివరించిన పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము మీకే తోచగలదు.

తెలిసినదానితోనే ప్రారంభింతము. మహాబలేశ్వరము వద్ద పుట్టిన కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరుచున్నది. పీఠభూమిపై కురిసిన వాన ఎన్నో ఉపనదులుగా కూడి, కడపట ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమనున్న ఇరుకు సందున దూరి వెలుపలికి వచ్చును. ఆ సందు దాటినంతనే నేల విశాలమగును, డెల్టా ఆరంభమగును. ఈ అనువును చూచియే కాటన్ దొర ప్రణాళిక ననుసరించి 1852లో అక్కడ ఆనకట్ట పని ఆరంభించి 1855లో ముగించిరి.

ఇదే దృశ్యమును మంచుతో ఊహింపుడు. అంటార్కిటికా ఖండమున నీటికి మారుగా మంచుతో నిండిన పీఠభూమి కలదు. దాని లోపలి ప్రాంతములలో ఏడాది పొడవునను కురియు మంచును నీటిగా కొలిచినచో 50 మిల్లీమీటర్లకు మించదు. మన బెజవాడలో కురియు వానలో అది ఇరువదవ వంతు. అయినను అక్కడ కురిసినది కరుగదు. పొరపై పొర పేరుకొని, క్రింది పొర గట్టిపడి, లక్షల సంవత్సరములలో సగటున 2 కిలోమీటర్ల దళసరి గల మంచుగడ్డ యైనది. ప్రపంచమునందలి మంచులో నూటికి తొంబది వంతులు అక్కడనే ఉన్నది. ఇంత బరువు తన క్రింది మంచును నొక్కి పల్లమువైపునకు త్రోయును. గట్టిదిగా కనబడు మంచు, ఆ ఒత్తిడికి చిక్కని పాకమువలె మెల్లగా సాగును. తీరము దగ్గర కొండలు అడ్డుపడినచోట, వాని నడుమనున్న సందులలో దూరి సముద్రమువైపు దిగును. ఇట్లు పీఠభూమి మంచు వెలుపలికి వచ్చు దారికే నిర్గమ హిమానీనదమని పేరు. క్లుప్తముగా చెప్పవలెనన్న, అది మంచునకు బెజవాడ.

ఇట్టి నదులలో మిక్కిలి పెద్దది లాంబర్టు హిమానీనదము. 1946–47లో అమెరికా వారు విమానముల నుండి తీసిన ఛాయాచిత్రముల వలన దీని ఉనికి పటముల కెక్కినది. 1957లో ఆస్ట్రేలియా దేశపు జాతీయ పటముల శాఖాధిపతి బ్రూస్ లాంబర్టు పేరు దీనికి పెట్టిరి. దీని పొడవు సుమారు 400 కిలోమీటర్లు. అనగా బెజవాడ నుండి దాదాపు చెన్నపట్నము వరకు. వెడల్పు కొన్నిచోట్ల 80 కిలోమీటర్లు; అనగా బెజవాడలో ఒక గట్టున్నచో రెండవ గట్టు బందరు దాటిన పిదప ఉండును. లోతు సుమారు 2,500 మీటర్లు. రెండు తిరుమల కొండలను ఒకదానిపై నొకటి పేర్చినను అందులో మునుగును. ఇంతటి నది ఏడాదికి 400 నుండి 800 మీటర్లు, అనగా దినమునకు ఒకటి రెండు మీటర్లు మాత్రమే నడచును. తూర్పు అంటార్కిటికా మంచులో సుమారు ఆరవ వంతు ఈ త్రోవనే సముద్రమునకు పోవుచున్నది.

ఇక పరిసరములు. మనకు తుంగభద్రయు భీమయు కృష్ణలో కలిసినట్లు, ఫిషర్, మెల్లర్ అను మంచునదులు లాంబర్టులో కలియుచున్నవి. పడమట ప్రిన్స్ ఛార్లెస్ పర్వతములు, తూర్పున మాసన్ అను నిట్టనిలువు కొండగట్టు దీనికి ఒడ్డులు. ఉత్తరమునకు వచ్చుసరికి నది నేలను విడిచి సముద్రముపై తేలుట ఆరంభించును. అట్లు తేలు భాగమునకు అమెరీ మంచుపలక అని పేరు. దాని విస్తీర్ణము సుమారు 60,000 చదరపు కిలోమీటర్లు. ఆ పలక ముగియుచోట ప్రిడ్జ్ అఖాతము.

ఈ అఖాతపు తీరముననే, పలకకు తూర్పుగా, లార్స్‌మన్ కొండలు కలవు. మంచు కప్పని అరుదైన చిన్న నేల అది. నూటయేబదికి మించిన మంచినీటి చెరువులు ఆ కొండల నడుమ నున్నవి. తూర్పు ప్రక్క డాల్క్ అను మరియొక చిన్న నిర్గమ హిమానీనదము సముద్రములోనికి దిగుచున్నది. ఎండకాలమున అడెలీ పెంగ్విను పక్షులును, వెడ్డెల్ సీలు జంతువులును కనబడును. పీఠభూమి మీది చల్లని బరువు గాలి వాలు వెంబడి జారి తీరముపై విరుచుకొనిపడుచుండును. మే చివర నుండి జూలై నడుమ వరకు అక్కడ సూర్యుడు ఉదయింపడు. అట్టిచోట మన దేశమువారు 2012వ సంవత్సరము మార్చి 18వ తేదీన ‘భారతి’ అను పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి. ఓడలపై సరకు పంపు ఇనుప పెట్టెలను 134 జోడించి ఆ కట్టడమును నిర్మించిరి. పటమును చూడుడు. బెజవాడ రేఖాంశము 80 డిగ్రీలకు కొంచెము పైన. భారతి రేఖాంశము 76 డిగ్రీలు. మన ఊరి నుండి నేరుగా దక్షిణమునకు పోయినచో సింహళము దాటిన పిమ్మట ఆ మంచు ఖండము వరకు అడ్డు నేల లేదు. దూరము సుమారు 9,500 కిలోమీటర్లు అయినను వారు మనకు ఎదురింటివారే.

ఎదురింటివారు మాత్రమే కాదు, దాయాదులు కూడ. ఒకప్పుడు భారతదేశమును, అంటార్కిటికాయు ఒకే నేలగా ఉండెను. ఆ మహాఖండమునకు పండితులు పెట్టిన పేరు గోండ్వానా. మన గోండుల సీమ పేరే అది. 1871లో కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గును కనుగొనెను. సింగరేణి బొగ్గుగనులు అట్లు ఆరంభమైనవి. ఆ బొగ్గుపొరలలో గ్లోసోప్టెరిస్ అను నాలుక ఆకారపు ఆకుల ముద్రలు దొరకును. లాంబర్టు–అమెరీ పడమటి ఒడ్డున బీవర్ సరస్సు దగ్గర బయటపడిన బొగ్గుపొరలలోను అదే ఆకు కలదు. 1912లో కెప్టెన్ స్కాట్ బృందము దక్షిణ ధ్రువము చూచి మరలుచు, బియర్డ్‌మోర్ అను మరియొక నిర్గమ హిమానీనదపు తలాపిన ఇట్టి శిలాజములను ఏరినది. ఆకలితో, చలితో అడుగు వేయలేని స్థితిలో కూడ వారు ఆ 16 కిలోల రాళ్లను పారవేయలేదు. వారి మృతదేహముల చెంత ఆ రాళ్లు దొరికినవి. నేడు మంచు తప్ప మరేమియు లేనిచోట 25 కోట్ల సంవత్సరములకు పూర్వము అడవులుండెనని ఆ రాళ్లు సాక్ష్యము చెప్పినవి.

సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ నేల చీలినది. ఆ చీలికయే మన తూర్పు తీరము. చీలిన అంచున కృష్ణయు గోదావరియు తెచ్చి పోసిన ఒండ్రుపై మన డెల్టాలు నిలిచినవి. లాంబర్టు మంచు పారు లోయకూడ పాత చీలికయే. ఒరిస్సాలోని మహానది లోయకు అది జోడని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. బెజవాడ, కొండపల్లి కొండలు చెందిన తూర్పు కనుమల శిలలకును, అంటార్కిటికా తూర్పు తీరపు శిలలకును బంధుత్వము కలదని వారే చెప్పుచున్నారు.

ఇంతవరకు చెప్పినది తెలిసికొనుటకు ముచ్చటైన విషయము. ఇకమీద చెప్పబోవునది మన పొలముగట్టునకు సంబంధించినది.

2019 సెప్టెంబరులో అమెరీ పలక నుండి 1,636 చదరపు కిలోమీటర్ల మంచుకొండ విరిగిపడినది. అది మన కృష్ణా డెల్టాలో సుమారు మూడవ వంతు. ఆ వార్త విని సముద్రము పొంగునని భయపడినవారు కలరు. అట్లు పొంగదు. నిండు గ్లాసులో తేలుచున్న మంచుముక్క కరిగినను నీరు పొరలదు గదా! అదియును గాక, అట్టి పలకల అంచులు కొన్ని దశాబ్దముల కొకమారు విరుగుట సహజమే; 1960వ దశకపు ఆరంభమున అంతకన్న పెద్ద ముక్కయే అక్కడ విరిగినది. ఆ విరుగుటకును నేటి వేడిమికిని సంబంధము లేదని శాస్త్రజ్ఞులు అప్పుడే చెప్పిరి.

అట్లైన భయమెక్కడ? పలక తన వెనుకనున్న నేలమీది మంచును ఆపుచున్నది. డెల్టా రైతునకు ఒక్కమాటలో చెప్పవచ్చును: ఆ పలక ఒక ఆనకట్ట. అంటార్కిటికాకు మరియొక వైపున లార్సెన్–బి అను పలక 2002లో సుమారు ఒక మాసములో 3,250 చదరపు కిలోమీటర్ల మేర పిండియై పోయినది. పలక పోగానే దాని వెనుకనున్న మంచునదులు పూర్వముకన్న ఎన్నో రెట్లు వేగముగా సముద్రములోనికి దిగినవి. సముద్రమును పెంచునది ఈ నేలమీది మంచే. కనుక మంచుకొండ ఎంత పెద్దది అని కాదు, ఆనకట్ట నిలిచియున్నదా అని అడుగవలెను. లాంబర్టు ఆనకట్ట నేటికి నిలిచియున్నది. కాని పశ్చిమ అంటార్కిటికాలోని త్వైట్స్ వంటి మంచునదులు వేగముగా తరుగుచున్నవి. ఆ యొక్క నది పూర్తిగా పోయినచో ప్రపంచ సముద్రమట్టము సుమారు 65 సెంటీమీటర్లు పెరుగునని లెక్క.

1952లో మన కృష్ణ ఆనకట్టకు గండిపడినది. ఐదేండ్లలో, 1957 నాటికి, ప్రకాశము బ్యారేజీని కట్టుకొంటిమి. అట్టి ఇంజనీరింగు మంచునకు లేదు. ఆ పలకకు గండిపడినచో పూడ్చు చేయి మానవునకు లేదు. దానిని కాపాడు మార్గ మొక్కటే: బొగ్గును, చమురును కాల్చుటను తగ్గించి లోకపు వేడిమిని అదుపున ఉంచుట.

1901 నుండి 2018 వరకు సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా ఎనిమిది అంగుళములు పెరిగినది. 2006 తరువాత ఆ పెరుగుదల ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పునకు చేరినది. ఎనిమిది అంగుళములు కొండ మీదివానికి లెక్క కాకపోవచ్చును. మన దివిసీమలో, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో నేల సముద్రమునకు ఎంత ఎత్తున నున్నదో అక్కడి రైతు నడిగిన చెప్పును. మురుగు కాలువలు సముద్రములోనికి దిగవలెనన్న సముద్రము వానికి పల్లమున ఉండవలెను. అది పెరిగినకొలది మురుగు వెనుకకు తన్నును, బావులలోనికి ఉప్పు చేరును. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన వేలమందిని పొట్టన బెట్టుకొన్నది. ఆ దినమును చూచినవారికి నేను వర్ణింప నక్కరలేదు. సముద్రము ఒక అడుగు పెరిగినచో, రాబోవు ప్రతి ఉప్పెనయు ఒక మెట్టు పైనుండి బయలుదేరును.

ఇంకొకటి కూడ గమనింపవలెను. డెల్టా నేల కాలక్రమమున కొంత క్రుంగుట సహజము. ఏటేట వచ్చు ఒండ్రు ఆ లోటును తీర్చుచుండెను. 1967లో నాగార్జునసాగరము నీరు కాలువల కెక్కినది. పిదప శ్రీశైలము వచ్చినది. ఆ జలాశయములు మనకు అన్నము పెట్టుచున్నవి, విద్యుత్తు నిచ్చుచున్నవి. వానిని తప్పుపట్టుట కాదు. కాని ఒండ్రు అచ్చటనే ఆగిపోవుటచే సముద్రపుటంచున నేల పెరుగుట తగ్గినది, కొన్నిచోట్ల కోత పడుచున్నది. నీరు పైకి, నేల క్రిందికి. ఈ రెండింటి నడుమ మన వరిచేను ఉన్నది.

కావున మన చేతిలోని పనులను మనము చేయవలెను. నదీముఖములందలి మడ అడవులను నరుకరాదు. ఉప్పెన దెబ్బను ముందుగా ఓర్చుకొనునవి అవియే. కరకట్టలకు గండ్లు పడక ముందే మరమ్మతు కోరవలెను. సముద్రతీర గ్రామములలో బోర్లతో మంచినీటిని మితిమీరి తోడినచో ఉప్పునీటిని మనమే పిలిచినట్లగును. మురుగు కాలువల ముఖములు పూడకుండ చూచుకొనవలెను. ఇవి ఏ ప్రభుత్వము చేసినను, గ్రామస్థుల ఎరుక లేనిదే నిలువవు.

ఆ ఎరుక నిచ్చునది గ్రంథాలయము. బ్యారేజీ వద్ద ఎన్ని క్యూసెక్కులు వచ్చుచున్నవో వరదకాలమున ఈ ఊరిలో అడుగనివారు లేరు. అదే విధముగా, దక్షిణమున మన దాయాదుల ఇంట మంచు ఆనకట్ట ఎట్లున్నదని ఏడాది కొకమారైన అడుగువారు ఈ పఠన మందిరములో కొందరుండవలెను. ఇక్కడ ఒక గోడకు ప్రపంచ పటమును వ్రేలాడదీసి, బెజవాడ నుండి భారతి వరకు విద్యార్థుల చేత ఒక గీత గీయింపుడని కార్యవర్గమునకు నా మనవి. ఆ గీతను చూచి పెరిగిన బాలుడు మంచునది మనకెందులకని అడుగడు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును ఇదే నేలపై, ఇదే పచ్చని చేల నడుమ జరుపుకొనునుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.