బంతి పట్టడానికి అర్హులెవరు?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. మోకాళ్ల గురించీ షుగరు గురించీ మనకు చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కనుక వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు ఆదివారం పూట అల్లుడూ మనవలూ టీవీ ముందు కేకలు పెడుతుంటే, ఏమీ బోధపడక పక్కన కూర్చుని ఆవులించే ఉంటారు. వాళ్లు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు లాంటి బంతిని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. అందులో నాకు బాగా నచ్చింది ఒక సంగతి: ముందుకు విసిరిన బంతిని పట్టే హక్కు జట్టులో అందరికీ లేదు. మనకు సర్వీసంతా అర్హతలు, రూల్సు, సర్క్యులర్లతోనే గడిచింది గనుక ఇది మనకు సులువుగానే ఎక్కుతుంది.

జట్టుకు 11 మంది. బంతి కదిలేటప్పటికి వారిలో కనీసం 7 మంది బంతి ఉన్న గీత మీద బారుగా నిలబడాలి. ఆ బారులో రెండు చివర్లనున్న ఇద్దరే అర్హులు. మధ్యవాళ్లు ఎదుటివారిని అడ్డుకోవలసిందే, బంతి ముట్టరాదు. గీతకు వెనక నిలిచినవారు కూడా అర్హులే. అయితే చోటు ఒక్కటే చాలదు, చొక్కా మీది నంబరు కూడా కుదరాలి. వృత్తి క్రీడాకారుల లీగ్ ఎన్.ఎఫ్.ఎల్.లో 50 నుంచి 79 వరకు, 90 నుంచి 99 వరకు నంబర్లున్నవారు మామూలుగా అనర్హులు. పోనీ నంబరు 85 ఉందనుకోండి. అతనికి ఆవల ఇంకొకడు పొరపాటున గీత మీదికి వచ్చి నిలబడితే ఇతను బారు మధ్యవాడైపోతాడు, అర్హత పోతుంది. మనిషి అక్కడే ఉన్నాడు, తప్పు పక్కవాడిది! ఆఫీసుల్లో ఇలాంటివి చూడనివారు మనలో లేరు.

మరి ఇదంతా కనిపెట్టేదెవరు? మైదానంలో 7 మంది అధికారులుంటారు. వారిలో డౌన్ జడ్జి, లైన్ జడ్జి అనే ఇద్దరు గీతకు చెరొక కొసనా నిలబడతారు. తమ వైపు చివరి ఆటగాడు గీతకు వెనక ఉంటే చెయ్యి ఆ వెనక వైపుకు చాపి చూపిస్తారు. ఆటగాళ్లు కూడా అధికారి వంక చూసి, నేను గీత మీదున్నానా అని సైగతో అడగడం టీవీలో కనిపిస్తుంది. ఆ మర్యాద నాకు ముచ్చటగా ఉంటుంది. అనర్హుడు బంతిని ముందుగా ముట్టినా, పాస్ విసరకముందే గీత దాటి గజం మించి వెళ్లినా 5 గజాల శిక్ష. ఎదుటి జట్టువాడి చెయ్యి బంతికి తగిలిందంటే మాత్రం అప్పటినుంచి అందరూ అర్హులే.

అనర్హ నంబరున్నవాడు ఆ ఒక్క ఆటకు అర్హుడు కాదలచుకుంటే రిఫరీ దగ్గరకు వెళ్లి చెప్పుకోవాలి. చేతులతో ఛాతీ మీది నంబరును పైకీ కిందికీ రుద్దడం దానికి గుర్తు. రిఫరీ ఆ సంగతి ఎదుటి జట్టుకు చెప్పి, మైకులో ప్రకటిస్తాడు. మళ్లీ తర్వాతి ఆటకు మళ్లీ చెప్పుకోవాలి. మన లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికొక్కసారే, నయం.

దీన్ని తిరగేసి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 2015 జనవరిలో బాల్టిమోర్ రేవెన్స్ మీద న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు, అర్హ నంబరు 34 ఉన్న షేన్ వెరీన్ చేత తాను అనర్హుడనని చెప్పించింది. చెప్పి అతను అర్హుడిలాగే దూరంగా పోయి నిలబడ్డాడు. ఎదుటివారు తబ్బిబ్బయ్యారు. వారి కోచ్ జాన్ హార్బా మైదానంలోకి వచ్చి వాదించి పెనాల్టీ తెచ్చుకున్నాడు. పేట్రియట్స్ 35–31తో గెలిచింది. ఆ మార్చిలోనే, అలా చెప్పుకున్నవాడు బారు మధ్యభాగంలోనే నిలబడాలని రూలు మార్చారు. తెలివికి శిక్ష లేదు గాని, వెంటనే సర్క్యులర్ వచ్చిందన్నమాట.

అసలు కథ 2023 డిసెంబరు 30న డల్లాస్ కౌబాయ్స్‌తో డెట్రాయిట్ లయన్స్ ఆడినది. 23 సెకన్లు మిగిలి ఉండగా డెట్రాయిట్ 20–19 దాకా వచ్చింది. తన్ని ఒక పాయింటు తెచ్చుకుంటే సమం. కోచ్ డాన్ క్యాంబెల్ అది వద్దని రెండు పాయింట్లకు వెళ్లాడు. 68వ నంబరు టేలర్ డెకర్ బంతి పట్టేశాడు. సంబరం మొదలయ్యేలోగా జెండా పడింది. చెప్పుకున్నది 70వ నంబరు డాన్ స్కిపర్ అని రిఫరీ, డెకరే అని డెట్రాయిట్. ఆ ఆటకు ముందు ఒక్కరు కాదు, ముగ్గురు భారీకాయులు రిఫరీ వైపు వెళ్లారు. ఎదుటివారిని తికమకపెట్టడానికే అలా వెళ్లారని, ఆ తికమక ముందు రిఫరీకే తగిలిందని నా అభిప్రాయం. అయినా, 70 అని పైకి ప్రకటించినప్పుడైనా ఆట ఆపించి సరిచేసుకోవలసింది. ఆ తర్వాతి ప్రయత్నాలు ఫలించలేదు, ఒక్క పాయింటుతో మ్యాచ్ పోయింది.

ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు, ఆట మొదలయ్యేముందు ఒక పెద్దమనిషి గుండెలు రుద్దుకుంటూ రిఫరీ దగ్గరకు వెళ్తే, గుండెనొప్పేమోనని కంగారుపడకండి. మనవడి కంటె ముందు మీరే ఆ నంబరు చెప్పేయండి.